వేరు చెడని పలుకు: పారశీక భాషలో ప్రాచీన మూలాలు, అన్యదేశ్యాలు, సంస్కరణలు

ఇరాన్ పీఠభూమి మీద రాజవంశాలు మారాయి, ఏలినవారి మతం మారింది, రాసే లిపి రెండు సార్లు పూర్తిగా మారింది. అయినా క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో కొండరాతి మీద చెక్కిన భాషకూ నేడు టెహ్రాన్, షీరాజ్ నగరాల్లో వినిపించే భాషకూ మధ్య వారసత్వం తెగిపోలేదు. అంత దీర్ఘకాలం ఎడతెగని లిఖిత చరిత్ర ఉన్న భాషలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. ఇరాన్ రాజకీయ చరిత్రను వరుసగా పరిశీలిస్తున్న ఈ ధారావాహికలో ప్రస్తుత భాగం ఆ భాష నడిచివచ్చిన దారిని వివరిస్తుంది. దాని మూలాలు ఎంత లోతైనవి, బయటి మాటలు ఏయే కాలాల్లో ఎందుకు వచ్చి చేరాయి, వాటిని తొలగించాలని ఆధునిక ఇరాన్ చేసిన ప్రయత్నాల్లో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నవి ఇందులో ప్రధానమైన ప్రశ్నలు. ఒక భాష మరొక భాష నుంచి తీసుకున్న మాటను తెలుగు వ్యాకర్తలు అన్యదేశ్యం అన్నారు. ఈ వ్యాసంలోనూ ఆ పేరే వాడబడింది.

శాసనాల కాలం

పారశీక భాష చరిత్రను పండితులు మూడు దశలుగా విభజిస్తారు. అకీమెనిద్ చక్రవర్తుల కాలం నాటిది ప్రాచీన పారశీకం, క్రీ.శ. 224 నుంచి 651 వరకు ఏలిన సాసానియన్ల కాలానిది మధ్య పారశీకం, దీనికే పహ్లవీ అని పేరు. అరబ్బుల విజయం తరువాత రూపుదిద్దుకుని నేటికీ కొనసాగుతున్నది నవ్య పారశీకం. మొదటి దశకు ప్రధాన సాక్ష్యం కెర్మాన్‌షా సమీపంలోని బీసుతూన్ కొండ మీద చక్రవర్తి డేరియస్ చెక్కించిన శాసనం. సుమారు క్రీ.పూ. 520 నాటి ఈ శాసనం ప్రాచీన పారశీకం, ఎలామైట్, బాబిలోనియన్ అనే మూడు భాషల్లో ఉండటం వల్ల తరువాతి కాలపు పండితులకు అది తాళం చెవిలా ఉపయోగపడింది. జర్మన్ ఉపాధ్యాయుడు గ్రోటెఫెండ్ 1802లో ప్రాచీన పారశీక శరాకార లిపిలోని కొన్ని రాజుల పేర్లను గుర్తించగా, ఆంగ్ల సైనికాధికారి హెన్రీ రాలిన్సన్ 1830, 1840 దశకాల్లో బీసుతూన్ పాఠాన్ని నకలు తీసి దాని అర్థాన్ని చాలావరకు వెలికితీశాడు.

ఆ భాష సంస్కృతానికి, ముఖ్యంగా వేదభాషకు, అతి దగ్గరి బంధువు. జరతుష్ట్రుని గాథలున్న అవెస్తా భాష ఇంకా దగ్గరిది. సంస్కృతంలో పదాది సకారం ఉన్నచోట ఇరాన్ భాషల్లో హకారం కనిపిస్తుంది: సప్త అన్న సంఖ్య హప్త అయి నేటి పారశీకంలో హఫ్త్‌గా మిగిలింది, సోమ హోమగా మారింది, సింధు అన్న పేరు డేరియస్ శాసనాల్లో హిందుగా కనిపిస్తుంది. పితృ, మాతృ, భ్రాతృ శబ్దాలకు పెదర్, మాదర్, బరాదర్ నేటికీ నిత్యవ్యవహారంలో ఉన్నాయి. హస్తానికి ప్రాచీన పారశీక రూపం దస్త. అది దస్త్‌గా మారి, లిఖితం అనే అర్థమున్న అరబిక్ ఖత్తుతో కలిసి, తెలుగువారి దస్తఖత్తు దాకా ప్రయాణించింది.

ఈ తొలి దశలోనే గమనించవలసిన మరో విషయం ఉంది. అకీమెనిద్ సామ్రాజ్యపు పాలనావ్యవహారాలు ప్రాచీన పారశీకంలో సాగలేదు. పెర్సిపోలిస్ కోటలో 1933–34లో బయటపడిన వేలాది మట్టిపలకల్లో అత్యధిక భాగం ఎలామైట్ భాషలో ఉన్నాయి. దూరప్రాంతాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు అరమాయిక్ భాషలో నడిచాయి. పాలకుల మాతృభాష ఒకటి, కచేరీ భాష మరొకటి అనే ఏర్పాటు ఆ నేల మీద అంత పాతది. పరభాషలతో కలిసి బతకడం పారశీకానికి పుట్టుకతోనే వచ్చింది.

రాసేది ఒకటి, చదివేది ఒకటి

మధ్య పారశీక దశలో భాష స్వరూపం చాలా సరళమైంది. సంస్కృతంలో వలె మూడు లింగాలూ అనేక విభక్తులూ ఉన్న ప్రాచీన భాష, ఆ ప్రత్యయాలను దాదాపు అన్నింటినీ పోగొట్టుకుంది. నేటి పారశీకంలో ‘అతడు’, ‘ఆమె’ రెంటికీ ‘ఊ’ అనే ఒకే సర్వనామం ఉండటం ఆ మార్పు ఫలితమే. ప్రాచీన దశలోని ఒక సంబంధార్థక సర్వనామం అరిగి అరిగి, నామానికీ విశేషణానికీ మధ్య నిలిచే చిన్న ‘ఎ’కారంగా మిగిలింది. దీన్ని ఇజాఫత్ అంటారు. దివాన్-ఎ-ఆమ్, దివాన్-ఎ-ఖాస్ వంటి పేర్లలో తెలుగు పాఠకులకు పరిచితమైన ‘ఎ’ అదే.

లిపి మాత్రం సరళం కాలేదు. పహ్లవీని అరమాయిక్ నుంచి పుట్టిన అక్షరాలతో రాసేవారు. అందులోనూ వందలాది మాటలను అరమాయిక్ వర్ణక్రమంతోనే రాసి, చదివేటప్పుడు పారశీక పదాన్ని ఉచ్చరించేవారు. రాజు అనే అర్థంలో అరమాయిక్ ‘మల్కా’ అని రాసి ‘షా’ అని చదవడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ పద్ధతికి హుజ్వారిష్ అని పేరు. లేఖకవర్గానికి మాత్రమే తెలిసిన ఈ రహస్యం మరుగున పడిన తరువాత, కొందరు నిఘంటుకారులు ఆ అరమాయిక్ రూపాలనే అసలైన ప్రాచీన పారశీక పదాలుగా భ్రమించారు. ఆ పొరపాటు పర్యవసానాలు చాలా శతాబ్దాల తరువాత కనిపిస్తాయి.

సాసానియన్ కాలంలో భారతదేశంతో పదాల రాకపోకలు ముమ్మరంగా సాగాయి. క్రీ.శ. 531 నుంచి 579 వరకు ఏలిన ఖుస్రో అనుషిర్వాన్ ఆస్థానంలో బుర్జూయా అనే వైద్యుడు పంచతంత్రాన్ని పహ్లవీలోకి తెచ్చాడు. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా దాన్ని కలీలా వ దిమ్నాగా అరబిక్‌లోకి అనువదించాడు. చతురంగం చత్రంగ్ అయి, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. శర్కర షకర్ అయింది.

ఖలీఫాల పాలనలో, బుఖారా ఆస్థానంలో

642లో నహావంద్ యుద్ధంలో ఓటమి, 651లో చివరి సాసానియన్ రాజు యజ్దగిర్ద్ మరణం పారశీక సామ్రాజ్యానికి ముగింపు పలికాయి. కచేరీల్లో భాష వెంటనే మారలేదు. 7వ శతాబ్దం చివర ఇరాక్ పాలకుడు హజ్జాజ్ కాలం వరకు పన్నుల లెక్కలు పహ్లవీలోనే సాగి, ఆ తరువాతే అరబిక్‌లోకి మారాయి. ఈజిప్టు, సిరియా వంటి దేశాలు క్రమంగా అరబిక్‌నే మాతృభాషగా స్వీకరించగా, ఇరాన్ మతాన్ని స్వీకరించి భాషను నిలుపుకుంది. మాట్లాడే భాషగా జనంలో బతికిన పారశీకం, అరబిక్ లిపిని తెచ్చుకుని, ఆ లిపిలో లేని ప, చ, గ ధ్వనులకూ, షకారపు నాదరూపమైన ‘ఝ’ ధ్వనికీ నాలుగు అక్షరాలను చేర్చుకుని, మొత్తం 32 అక్షరాలతో సాహిత్యరంగంలోకి తిరిగి వచ్చింది. భాషకు నేడున్న ఫార్సీ అనే పేరు కూడా ఆ సంపర్కపు గుర్తే: అరబిక్‌లో పకారం లేనందున పార్స్ ఫార్స్‌గా, పార్సీ ఫార్సీగా మారింది.

ఆ పునరాగమనం ఇరాన్ నడిబొడ్డున జరగలేదు. ఖలీఫాల రాజధాని బాగ్దాద్‌కు దూరంగా, మధ్య ఆసియాలోని బుఖారా రాజధానిగా 9, 10 శతాబ్దాల్లో ఏలిన సామానిద్ వంశం దానికి ఆశ్రయమిచ్చింది. 941లో మరణించిన రూదకీ ఆ ఆస్థాన కవి. 963లో మంత్రి బల్‌అమీ, తబరీ అరబిక్‌లో రాసిన బృహత్ చరిత్రను పారశీకంలోకి తేవడం మొదలుపెట్టాడు. 1010లో ఫిర్దౌసీ పూర్తిచేసిన షానామా దాదాపు 50,000 ద్విపదల్లో ఇస్లాంకు పూర్వపు రాజుల కథలను చెప్పింది. అందులో అరబిక్ పదాలు చాలా తక్కువ. అయితే పూర్తిగా లేకపోలేదు. ఫిర్దౌసీ అన్యదేశ్యాలను నిషేధించిన కవి అన్న ప్రచారం తరువాతి కాలపు జాతీయవాదులది. అతడు తన కాలపు ఖొరాసాన్ ప్రజల వాడుకనూ పాత గాథల భాషనూ అనుసరించాడు. తత్త్వశాస్త్రంలో ఇబ్న్ సీనా, ప్రధాన గ్రంథాలన్నీ అరబిక్‌లో రాసినా, దానిష్‌నామా అనే గ్రంథాన్ని పారశీకంలో రాసి, అరబిక్ పరిభాషకు సమానార్థకాలుగా దేశ్య పదాలను కూర్చాడు. ఆధునిక సంస్కర్తలు తమ ప్రయత్నానికి పూర్వప్రమాణంగా తరచు చూపేది ఈ గ్రంథాన్నే.

అరబిక్ ప్రవాహం

11వ శతాబ్దం నుంచి అరబిక్ పదాల రాక వేగం పెరిగింది. మతధర్మం, న్యాయం, తర్కం, వైద్యం, అలంకారశాస్త్రం అన్నీ అరబిక్‌లో నేర్చిన పండితులే పారశీక గద్యాన్నీ రాసినందున, అరబిక్ పాండిత్యం రచనకు గౌరవచిహ్నమైంది. ఆధునిక సాహిత్య వ్యవహారంలోని పదజాలంలో దాదాపు 40 శాతం అరబిక్ మూలమున్నదని ఒక పండిత అంచనా. అరబిక్ బహువచనాలు కూడా వచ్చాయి. చివరికి ఫర్మాన్ వంటి అచ్చమైన పారశీక పదానికి ఫరామీన్ అని అరబిక్ పద్ధతిలో బహువచనం కట్టేదాకా ఆ ప్రభావం వెళ్లింది. అరబిక్‌లో వేరువేరుగా పలికే నాలుగు అక్షరాలను పారశీకులు ఒకే ‘జ’ ధ్వనితో పలుకుతారు; అయినా వర్ణక్రమంలో ఆ భేదాన్ని నేటికీ పాటిస్తారు.

ఇంత జరిగినా భాష చట్రం ఇరానీయంగానే ఉండిపోయింది. అరబిక్ నామాన్ని తీసుకుని దానికి కర్దన్, అంటే చేయు, అనే దేశ్య క్రియను చేర్చడం పారశీకం అనుసరించిన ప్రధాన మార్గం: ఫిక్ర్ కర్దన్ అంటే ఆలోచన చేయు. ఈ కర్దన్ సంస్కృత కృ ధాతువుకు సోదరి. సర్వనామాలు, సంఖ్యలు, బంధువాచకాలు, శరీరావయవాల పేర్లలో అధికభాగం, క్రియారూపాలు అన్నీ పాతవే. వాక్యాన్ని నడిపే శక్తి దేశ్యమైనది, ఆ వాక్యంలో కూర్చునే నామాల్లో అనేకం అతిథులు అన్నది పండితులు అంగీకరించే సంగతి.

పదాల ప్రయాణం ఒకే దిక్కున సాగలేదు. కొలత అనే అర్థమున్న పారశీక ‘అందాజా’ అరబిక్‌లో హందసా అయి రేఖాగణితానికి పేరైంది. దాని నుంచి అరబిక్ వ్యాకరణం ప్రకారం పుట్టిన ముహందిస్ తిరిగి పారశీకానికి వచ్చి ఇంజనీరుకు పేరుగా స్థిరపడింది. తెలుగువారి అందాజు ఆ మొదటి రూపపు సంతతి. పారశీక గౌహర్ అరబిక్‌లో జౌహర్‌గా మారి తిరిగివచ్చింది. జవాహరీలో ఉన్నది అదే. ప్రాకారంతో చుట్టిన తోట అనే అర్థంలో అవెస్తాలో ఉన్న పైరిదేజ శబ్దం గ్రీకు భాషకు చేరి, అరబిక్‌లో ఫిర్దౌస్ అనే స్వర్గనామమైంది. ఇరాన్ జాతీయకవి బిరుదనామం ఫిర్దౌసీ ఈ అరబిక్ రూపం నుంచే వచ్చింది. శుద్ధి కోరేవారు ఏది స్వదేశి, ఏది పరదేశి అని తేల్చబోయినప్పుడు ఎదురైన చిక్కు ఎంతటిదో ఈ ఉదాహరణలు చెబుతాయి.

1219లో మొదలైన మంగోల్ దండయాత్రలూ, వాటికి ముందూ వెనకా ఏలిన తురుష్క వంశాలూ సైన్యం, వేట, గృహోపకరణాలకు సంబంధించిన పదాలను తెచ్చాయి. గది అనే అర్థంలో ఒతాఖ్, చెంచాకు ఖాషుఖ్, మర్యాదావాచకాలైన ఆఖా, ఖానుమ్ తురుష్క మూలం ఉన్నవి. జర్మన్ పండితుడు గెర్హార్డ్ డోర్ఫర్ 1963–75 మధ్య వెలువరించిన నాలుగు సంపుటాల గ్రంథం ఈ పదరాశినంతా సేకరించి విశ్లేషించింది. తెలుగులో స్థిరపడిన నౌకరు మంగోల్ మాట, చాకు తురుష్క మాట. రెండింటినీ దక్కనుకు మోసుకొచ్చింది పారశీకమే. దరఖాస్తు, గుమాస్తా, ఫిర్యాదు, బందోబస్తు వంటివి కుతుబ్‌షాహీ, మొగలు, ఆసఫ్‌జాహీ కచేరీల ద్వారా తెలుగు పల్లెల రెవెన్యూ వ్యవహారంలోకి దిగిన అచ్చమైన ఇరానీయ పదాలు.

గోల్కొండలో పుట్టిన నిఘంటువు

పారశీక పదచరిత్రలో తెలుగునేలకు నేరుగా ఒక స్థానం ఉంది. 16 నుంచి 19వ శతాబ్దం వరకు పారశీక నిఘంటువుల్లో అనేకం ఇరాన్‌లో కాక భారతదేశంలో తయారయ్యాయి. మాతృభాష కాని భాషలో పాలన, కవిత్వం నడిపినవారికి నిఘంటువు అవసరం ఎక్కువ. వాటిలో అత్యంత ప్రచారం పొందిన బుర్హాన్-ఎ-ఖాతెను తబ్రీజ్ వంశీకుడైన ముహమ్మద్ హుసేన్, బుర్హాన్ అనే కలంపేరుతో, సుమారు 1652లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. 20,000కు పైగా పదాలను అక్షరక్రమంలో అమర్చిన ఆ గ్రంథం 1818లో కలకత్తాలో అచ్చయి ఇరాన్‌లోనూ ప్రామాణికంగా చెలామణి అయింది.

ఆ నిఘంటువులో విలువైన పదసంపదతో పాటు రెండు రకాల దోషాలు ప్రవేశించాయి. హుజ్వారిష్ పద్ధతిలో రాసిన అరమాయిక్ రూపాలను పారశీక పదాలుగా నమోదు చేయడం మొదటిది. దసాతీర్ అనే గ్రంథంలోని కృత్రిమ పదాలను చేర్చుకోవడం రెండోది. ప్రాచీన ప్రవక్తల వాణిగా చెప్పుకున్న దసాతీర్, నిజానికి మొగలు కాలంలో భారతదేశంలో ఆజర్ కైవాన్ అనే మతగురువు అనుయాయుల మధ్య కల్పించిన రచన. అందులోని భాష ఏ కాలంలోనూ ఎవరూ మాట్లాడినది కాదు. 1818లోనే అది బొంబాయిలో అచ్చుకావడంతో, అరబిక్ స్పర్శ లేని పదాల కోసం వెదుకుతున్న ఇరాన్ రచయితలకు ఆ కల్పిత పదాలు నిధిలా కనిపించాయి. బుర్హాన్ నిఘంటువును మీర్జా గాలిబ్ 1862లో తీవ్రంగా విమర్శించి పెద్ద వివాదానికి కారకుడయ్యాడు. 1950లలో టెహ్రాన్‌లో మొహమ్మద్ మొయీన్ సవరణలు, వ్యుత్పత్తి వివరణలతో దాన్ని సంస్కరించి ప్రకటించాకే తాలూ గింజా వేరుపడ్డాయి. అప్పటికే దసాతీర్ మాట అయిన ‘తీమ్సార్’ ఇరాన్ సేనాపతులకు అధికారిక గౌరవవాచకంగా స్థిరపడింది.

అదే గోల్కొండ రాజ్యంలో, అంతకు ఒక శతాబ్దం ముందు, పొన్నిగంటి తెలగన సంస్కృత తత్సమాలను విడిచి అచ్చతెనుగులో యయాతి చరిత్ర రచించి పటాన్‌చెరువు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. పారశీకంలో ఇటువంటి శుద్ధ రచనను సరెహ్ అంటారు. రెండు సంప్రదాయాల మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది: తెలగన జనం నోట ఉన్న దేశ్య, తద్భవ పదాలతో కావ్యం నిర్మించాడు, దసాతీర్ కర్తలు లేని ప్రాచీనతను కల్పించారు. పారశీక, సంస్కృతాల నిజమైన బంధుత్వం తెలుసుకోవడానికి కల్పన అవసరం లేదని నిరూపించినవాడూ భారతీయుడే. 1756లో మరణించిన ఢిల్లీ పండితుడు సిరాజుద్దీన్ అలీ ఖాన్ ఆర్జూ, ఇటువంటి బంధుత్వాన్ని ప్రకటించిన విలియం జోన్స్ 1786 ప్రసంగానికి కొన్ని దశాబ్దాల ముందే, ఈ రెండు భాషల పదాల్లో కనిపించే సామ్యాన్ని శాస్త్రీయ విషయంగా చర్చించాడు.

జాతీయభావం, శుద్ధి కోరిక

19వ శతాబ్దంలో కాజార్ పాలకుల ఇరాన్ రష్యా చేతిలో ఓడి భూభాగాలు కోల్పోయింది. ఆ అవమానానికి కారణాలు వెదికిన విద్యావంతుల్లో కొందరు అరబ్బుల విజయాన్నే పతనానికి మొదలుగా భావించారు. రాజవంశీకుడైన జలాలుద్దీన్ మీర్జా 1868 నుంచి వెలువరించిన నామె-యె-ఖుస్రవాన్ అనే చరిత్రను అరబిక్ మాటలు లేకుండా రాయ సంకల్పించాడు. టిఫ్లిస్‌లో నివసించిన ఆఖుంద్‌జాదా అరబిక్ లిపినే మార్చాలని వాదించాడు. మరోవైపు, ప్రధానమంత్రి అమీర్ కబీర్ సంకల్పంతో 1851లో ప్రారంభమైన దారుల్ ఫునూన్ విద్యాలయం ద్వారా ఐరోపా శాస్త్రాలూ, వాటితో ఫ్రెంచి మాటలూ వచ్చాయి. రష్యన్ నుంచి సమావర్, టీ తాగే గ్లాసుకు ఇస్తికాన్ ఇంటింటికీ చేరాయి.

పాత మూలాలను ప్రజాజీవితంలో నిలబెట్టిన మొదటి పెద్ద సంస్కరణ పంచాంగానిది. 1925లో పార్లమెంటు అరబిక్ రాశినామాలనూ తురుష్క జంతునామ సంవత్సరాలనూ తొలగించి, జరతుష్ట్ర సంప్రదాయపు నెలల పేర్లను సౌరమానానికి పెట్టింది. రెండో నెల ఒర్దీబెహెష్త్ అవెస్తాలోని అష వహిష్త. సంస్కృతంలో చెబితే ఋతం, వసిష్ఠం, అంటే సర్వోత్తమమైన సత్యనియమం. ఏడో నెల మెహర్ వేదదేవత మిత్రుడు. ఎనిమిదో నెల ఆబాన్ జలాలు, ఆపః. ఈ మార్పు ఏ ఇబ్బందీ లేకుండా స్థిరపడింది. 1979 విప్లవం రాజవంశపు చిహ్నాలన్నీ తొలగించినా ఈ పేర్లను తాకలేదు.

ఫర్హంగిస్తాన్

టర్కీలో ముస్తఫా కెమాల్ 1928లో లిపి మార్చి, 1932లో భాషాసంఘం స్థాపించి అరబిక్, పారశీక పదాల ఏరివేత సాగించాడు. 1934లో టర్కీని సందర్శించిన ఇరాన్ పాలకుడు రెజా షా ఆ వేగానికి ఆకర్షితుడయ్యాడు. సైన్యంలో, పత్రికల్లో ఎవరికి తోచిన పదాలు వారు సృష్టిస్తున్న గందరగోళాన్ని అదుపు చేయవలసిన అవసరమూ కలిసివచ్చి, 1935లో ఫర్హంగిస్తాన్ అనే భాషా అకాడమీ ఏర్పడింది. ఫర్హంగ్ అంటే సంస్కృతి, నిఘంటువు. స్తాన్ అంటే స్థానం. తొలి అధ్యక్షుడు, నాటి ప్రధానమంత్రి మొహమ్మద్ అలీ ఫొరూగీ స్వయంగా పండితుడు. అరబిక్ మాట అయినంత మాత్రాన తొలగించరాదనీ, నూతన భావాలకు పదాలు కూర్చడమే ముఖ్యమనీ ఆయన సంస్థకు రాసిన సందేశంలో హెచ్చరించాడు. రాజకీయవేత్త, పండితుడు తకీజాదా బలవంతపు శుద్ధిని వ్యతిరేకించి షా ఆగ్రహానికి గురయ్యాడు.

అకాడమీ ఆమోదించిన పదాలను ప్రభుత్వ కార్యాలయాలు తప్పనిసరిగా వాడాలన్న ఆదేశాలు వెలువడ్డాయి. వాటిలో అనేకం నేటికీ నిలిచి ఉన్నాయి. పురపాలక సంస్థకు బలదియ్యే పోయి షహర్‌దారీ వచ్చింది. షహర్ చరిత్ర సంస్కృత క్షత్ర శబ్దంతో ముడిపడినది: రాజ్యాధికారం అనే అర్థం నుంచి రాజ్యం, రాజ్యం నుంచి నగరం అనే అర్థాలకు అది మారింది. న్యాయశాఖకు దాద్‌గుస్తరీ, న్యాయస్థానానికి దాద్‌గాహ్ వచ్చాయి. దాద్ డేరియస్ శాసనాల్లో చట్టం అనే అర్థంలో ఉన్న దాత శబ్దమే. వైద్యునికి తబీబ్ స్థానంలో పెజెష్క్ వచ్చింది; సంస్కృత భిషక్, భేషజ శబ్దాలు దాని బంధువులు. సైన్యానికి తురుష్క పదమైన ఖోషూన్ పోయి అర్తెష్ వచ్చింది. రథంపై నిలిచినవాడు అనే అర్థంలో అవెస్తాలో ఉన్న యోధనామం దాని మూలం, వేదంలోని రథేష్ఠ దాని జోడు. విశ్వవిద్యాలయానికి దానిష్‌గాహ్ స్థిరపడింది. దానిష్ జ్ఞానం, గాహ్ చోటు, దర్గాలోనూ ఈద్గాలోనూ ఉన్నది ఈ గాహ్.

విమానానికి సైనికవర్గాలు 1920లలోనే కూర్చిన హవాపైమా ఈ ఉద్యమం గురించి ఒక ముఖ్య సత్యాన్ని తెలుపుతుంది. పైమా, అంటే దాటి వెళ్లేది, అచ్చమైన ఇరానీయం, హవా అరబిక్. శుద్ధి కోసం చేసిన మాటలోనే అరబిక్ సగమున్నా, వినగానే అర్థమయ్యే ఆ పదాన్ని జనం స్వీకరించారు. ఎవరికీ అర్థం కాని ప్రాచీనరూపాలు మాత్రం కాగితాల మీదే మిగిలాయి. కితాబ్, కలమ్, మజ్లిస్ వంటి మాటలను తొలగించడం ఎవరికీ సాధ్యం కాలేదు. సొంతంగా శుద్ధభాషను నిర్మించుకుని అందులోనే గ్రంథాలు రాసిన అహ్మద్ కస్రవీ మేధావిగా ప్రసిద్ధుడైనా, ఆయన భాష ఆయనతోనే ఆగిపోయింది. 1946లో మతోన్మాదుల చేతిలో ఆయన హతుడయ్యాడు. అన్యదేశ్యాలను ఏరివేయక, ఉన్న పదసంపదనంతా ఒకచోట చేర్చాలని సంకల్పించిన అలీ అక్బర్ దెహ్‌ఖొదా కృషి మాత్రం లుగత్‌నామా అనే మహానిఘంటువుగా, ఆయన మరణం తరువాత కూడా కొనసాగి, 1980 నాటికి పూర్తయింది.

మూడు దేశాలు, ఒక భాష

1941లో రెజా షా సింహాసనం వదలడంతో తొలి అకాడమీ బలం క్షీణించింది. 1960ల చివర రెండో అకాడమీ, విప్లవం తరువాత 1990ల ఆరంభంలో మూడో అకాడమీ ఏర్పడ్డాయి. విప్లవం తొలినాళ్లలో మతపరమైన అరబిక్ పదాలకు ప్రాధాన్యం పెరిగింది. అయితే మూడో అకాడమీ దృష్టి పాశ్చాత్య పదాల మీద నిలిచింది. కార్యాలయాల్లో, వ్యాపార నామాల్లో విదేశీ పదాల వాడకాన్ని నియంత్రిస్తూ 1996లో చట్టం వచ్చింది. కంప్యూటరుకు రాయానా, రాయితీకి యారానా, ఫోన్‌లో పంపే సంక్షిప్త సందేశానికి పయామక్ ప్రజల్లోకి వెళ్లాయి. టెలిఫోన్, సినిమా, ఆటోబస్ వంటివి మారలేదు. శాస్త్రపరిభాషలో అసలు చిక్కు క్రియల కొరత. నామానికి కర్దన్ చేర్చే అలవాటు బలపడటంతో ఏకపద క్రియలు తగ్గిపోయాయి. అయాన్ నుంచి యూనీదన్ అని క్రియను, దాని నుంచి యూనిష్ అని నామాన్ని పుట్టించిన పద్ధతి విజ్ఞానవేత్తలకు కొత్త మార్గం చూపింది.

ఇరాన్ సరిహద్దులు దాటితే ఇదే భాషకు వేరు చరిత్రలు ఉన్నాయి. అఫ్గానిస్తాన్ 1964 రాజ్యాంగం దానికి దరీ అని పేరు పెట్టింది. అక్కడ విశ్వవిద్యాలయాన్ని దానిష్‌గాహ్ అనాలా, పష్తో పదమైన పొహన్‌తూన్ అనాలా అన్నది తీవ్ర రాజకీయ వివాదమైంది. తజికిస్తాన్‌లో సోవియట్ ప్రభుత్వం 1928లో లాటిన్ లిపిని, 1940 నాటికి సిరిలిక్ లిపిని ప్రవేశపెట్టింది. రూదకీని తమ జాతీయకవిగా కొలిచే తజిక్ పిల్లలు అతని పద్యాలను పాత లిపిలో చదవలేని స్థితి ఏర్పడింది. ఇరాన్‌లో లిపిమార్పు వాదం ఓడిపోవడానికి ప్రధాన కారణం ఈ భయమే. వెయ్యేళ్ల నాటి ఫిర్దౌసీని నేటి విద్యార్థి పెద్ద కష్టం లేకుండా చదవగలగడం ఆ జాతి తనకున్న అతిపెద్ద ఆస్తిగా భావించింది.

రెండున్నర వేల ఏళ్ల ఈ చరిత్ర నుంచి తేలే నిర్ణయం స్పష్టమైనది. పారశీకం అన్యదేశ్యాలను స్వీకరించి బలహీనపడలేదు. క్రియలు, సర్వనామాలు, సమాసాలు కట్టే పద్ధతి తన చేతిలో ఉన్నంతకాలం ఏ మాట వచ్చినా దాన్ని తన వాక్యంలో ఇముడ్చుకుంది. సంస్కర్తలు జనానికి తెలిసిన ధాతువులతో, ప్రత్యయాలతో, అవసరం ఉన్నచోట కూర్చిన పదాలు బతికాయి. ద్వేషంతో పాత మాటలను తొలగించి వాటి స్థానంలో పెట్టబోయినవీ, కల్పిత ప్రాచీనత నుంచి తెచ్చినవీ చాలావరకు నశించాయి. శాస్త్రపరిభాష కూర్పులో తత్సమమా, దేశ్యమా, ఆంగ్లపదమా అని తర్జనభర్జన పడుతున్న తెలుగు విద్వాంసులు ఈ అనుభవాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. కొత్త పదాన్ని ప్రభుత్వం ప్రకటించగలదు, అకాడమీ ముద్రించగలదు. దానికి ఆయుష్షు పోసేది ఆ భాష మాట్లాడే ప్రజలే.